ఖాళీ జాగా – పదచ్ఛేదం : రేనాటి శాసనం ఒక పరీక్ష

తెలుగు పాఠాలను కంప్యూటరుతో పరిశీలించే పరిశోధకుని తొలి పని పాఠాన్ని పదాలుగా విడదీయడం. పైథాన్ భాషలో ఇందుకు ‘స్ప్లిట్’ అనే ఆదేశం ఉంది. ప్రత్యేకంగా ఏ విభాజకాన్నీ సూచించకపోతే అది ఖాళీని, ట్యాబును, పంక్తి మార్పును ఒకే తీరున పరిగణిస్తుంది. అవి వరుసగా ఎన్ని వచ్చినా ఒక్క విభాజకంగానే లెక్కిస్తుంది. ఖాళీ ఉన్నచోట పదం ముగుస్తుందన్న ఊహ దీనికి ఆధారం. ఈ ఊహ తెలుగుకు ఎంతవరకు చెల్లుతుందో చూడడానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలను కలుపుకొన్న ప్రాచీన రేనాడే తగిన చోటు.

ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలోని ఎరికల్ముతురాజు ధనంజయుని శాసనం తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధం. పండితులు దీన్ని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా భావించారు. ఇందులో పంక్తి విరుపు పదాన్ని అనుసరించదు. ‘ముతురా’ ఒక పంక్తి చివర ఉంటే ‘జు’ తరువాతి పంక్తి మొదట ఉంది. ‘ధనంజ–యుదు’, ‘రేనా–ణ్డు’ కూడా ఇలాగే విరిగాయి.

శాసనపాఠాన్ని పంక్తుల వారీగా ఎక్కించి ‘స్ప్లిట్’ చేస్తే రాజు పేరు, దేశం పేరు రెండూ ముక్కలవుతాయి. ‘రేనాణ్డు’ కోసం వెదికినవారికి ఆ పదమే దొరకదు. పంక్తులను కలిపి, ఎక్కడా ఎడం లేకుండా ఇస్తే శాసనమంతా ఒకే పదమవుతుంది. కనుక అచ్చుపాఠంలో కనిపించే ఖాళీలు పరిష్కర్తల పదచ్ఛేద నిర్ణయాలు. ‘ఎరికల్ముతురాజు’ను ఒక పదంగా ఉంచాలా, ‘ఎరికల్’, ‘ముతురాజు’ అని రెండు చేయాలా అన్నది బిరుదును ఎలా అర్థం చేసుకొన్నామన్న దానిపై ఆధారపడుతుంది; యంత్రం దాన్ని తేల్చలేదు.

ఆధునిక వచనానికీ ఈ చిక్కు తప్పదు. ‘అతడప్పుడేమన్నాడు’ అని రాస్తే లెక్కకు ఒక పదం. సంధి విడదీసి ‘అతడు అప్పుడు ఏమి అన్నాడు’ అంటే నాలుగు. భాష ఒకటే, లెక్క వేరు. ఇద్దరు కవుల పదసంపదను ఇలాంటి లెక్కలతో పోల్చితే, తేలే భేదం కవులది కాక ముద్రాపకులది కావచ్చు.

అందువల్ల శాసనపాఠాన్ని రెండు పొరలుగా భద్రపరచడం మేలు: పంక్తి సంఖ్యలతో యథాతథ పాఠం ఒకటి, పదచ్ఛేదం చేసిన పాఠం ఒకటి. పదాల లెక్క ఇచ్చే ప్రతి వ్యాసమూ ఆ విభజన ఎవరిదో, సంధులను విడదీశారో లేదో చెప్పాలి. అది తెలియని లెక్కను సాహిత్య చరిత్రకు ఆధారంగా స్వీకరించలేము.