జపాను పల్లెలలోని తేనీరు

జపాను దేశపు తేనీటి చరిత్రను చెప్పువారు సామాన్యముగా ఐసై అను బౌద్ధభిక్షువుతో మొదలిడుదురు. ఆయన 1191లో చీనా దేశమునుండి తేయాకు విత్తనములు తెచ్చెననియు, 1211లో తేనీరు ఆరోగ్యమునకు మేలని గ్రంథము వ్రాసెననియు చెప్పుదురు. పిమ్మట 16వ శతాబ్దమున సెన్ నో రిక్యూ తేనీటి సేవనమును కళగా తీర్చిదిద్దెను. ఇదంతయు మఠముల కథ, ప్రభువుల కథ. ముదురాకు కోసికొన్న పల్లెవారి కథ వేఱుగ నున్నది. నేను నేడు చెప్పబూనినది అదియే.

షికోకు ద్వీపమున, కోచి జిల్లాలో, కొండల నడుమ ఓతోయో అను ఊరు కలదు. అక్కడ వేసవిలో ఆకును కొమ్మలతో సహా కోసి ఆవిరిపై ఉడికింతురు. ఆకును చాపలపై కుప్పవోసి కొన్నిదినములు బూజు పట్టనిత్తురు. పిదప, ఉడికించునపుడు దిగిన రసముతో గూడ కొయ్యతొట్లలో దట్టించి, పైన బండరాళ్లెత్తి, వారముల తరబడి పులియబెట్టుదురు. మన యిండ్లలోని ఊరగాయజాడి జ్ఞప్తికి వచ్చుట లేదా? గడ్డకట్టిన యాకును చిన్న చదరములుగా కోసి ఎండబెట్టగా నల్లని బిళ్లలగును. 'గో' అను ఆటలోని నల్లరాళ్లవలె నుండుటచే దీనికి గోయిషిచా అని పేరు. రుచి పులుపు.

విశేషమేమనగా, చేసిన యూరివారు దీనిని అంతగా త్రాగువారు కారు. బిళ్లలు కొండదిగి సేతో సముద్రములోని దీవులకు పోవుచుండెను. మారుగా ఉప్పు కొండ నెక్కుచుండెను. ఆ దీవులవారు ఈ తేనీటిలో బియ్యము వేసి జావ కాచుకొనువారు. 20వ శతాబ్దమున ఆ జావ త్రాగు అలవాటు తగ్గెను. త్రాగువారు తగ్గగా చేయువారును తగ్గి, కడకు ఒక్క కుటుంబము మిగిలెను. పనితనముండియు కొనువారు లేక విద్య సన్నగిల్లుట మన చేనేతవారు ఎఱుగనిది కాదు. ఆ యొక్క యింటివారు పట్టు విడువకుండుటచేతనే ఇతరులు మరల నేర్చుకొనగలిగిరి. పొరుగున తొకుషిమా జిల్లాలో చేయు ఆవాబంచా అను పులిసిన తేయాకు విద్యను 2021లో ప్రభుత్వమువారు ముఖ్యమైన జానపద సంపదగా గుర్తించిరి.

త్రాగు వేడుక చూడవలెనన్న, సముద్రము దాటి హోన్షూ ద్వీపపు ఉత్తరతీరమున తొయామా జిల్లాకు పోవలెను. అక్కడి ఆసాహి ప్రాంతమున బిరుదాన్ అను పల్లెలో, గతించిన పెద్దల తిథినాడు ఇరుగుపొరుగువారిని ఇంటికి పిలుతురు. కాగుచున్న నల్లని తేనీటిని ఎవరి గిన్నెలో వారు పోసికొని, చిటికెడు ఉప్పు వేసి, రెండు వెదురు కుంచెలను జతగట్టిన చిన్న కవ్వముతో చిలుకుదురు. నురుగు పొంగును. దీనిని బతబతచా అందురు. నంజుకొనుటకు ఊరగాయలు, ఉడికిన కూరలు. నడుమ గతించినవారి ముచ్చట్లు. 15వ శతాబ్దమున రెన్న్యో అను బౌద్ధాచార్యుడు ఆ వైపునకు వచ్చునాటికే ఈ యాచారము గలదని వారి నమ్మకము.

వీరి ఆకు సయితము తొల్లి పరాయి ఊళ్లనుండియే వచ్చెడిది. అక్కడివారు చేయుట మానినపుడు, ఆసాహివారు ఆ విద్యను తామే నేర్చి ఆకు పులియబెట్టసాగిరి. తిథి వచ్చినపుడు పొయ్యిమీద తేనీరు లేకుండుట వారి కొప్పలేదు.