సవరభాషాభ్యాసము: పొరుగు భాషలతోడి పోలిక

ఆమదాలవలసలో రైలు దిగి పాలకొండమీఁదుగా సీతంపేట కొండలకుఁ బోవు బాటసారికి అచ్చటి సంతలలో తెలుఁగును ఓఢ్రమును గాని యొక భాష వినవచ్చును. అది సవరభాష. ఐతరేయబ్రాహ్మణమున అంధ్రులును శబరులును ఒక్కచోటనే పేర్కొనఁబడియున్నారు. పొరుగింత ప్రాచీనమైనను, ఆ పలుకును శాస్త్రదృష్టితో నేర్చిన యాంధ్రులు మిక్కిలి యరుదు.

అట్టివారిలో నగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వీరు శ్రీముఖలింగమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో 1863 సం. ఆగష్టు 29 వ తేదీన జన్మించి, 1880 లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆనాఁడు సవరకు లిపి లేదు. నేర్వఁగోరువానికి సవరల నోరే గ్రంథము. పంతులుగారు వారితో నెయ్యము చేసి మాటమాటయు వ్రాసికొనిరి. కొండజ్వరమునకుఁ బుచ్చుకొన్న క్వయినా వలన వారి వినికిడి చెడెను. చెవియే సాధనమైన విద్యకై చెవినే యర్పించిరి. 1931 లో వారి సవరవ్యాకరణమును, 1938 లో నిఘంటువును వెలువడెను.

ఈ భాష కేది చుట్టము? మొదట నేర్చు సంఖ్యలే సాక్ష్యము. రెండునకు సవరలో ‘బాగు’, ఛోటానాగపురపు ముండారిలో ‘బార్’, బర్మాలోని మోన్‌భాషలో ‘బా’. పదికి సవర ‘గల్జి’, ముండారి ‘గెల్’. నీటికి సవర ‘డాఆ’, ముండారి ‘దాః’. తెలుఁగు ‘రెండు, పది, నీరు’ వీనికి దూరము. సవర పండ్రెండువఱకు విడి పేళ్లతో లెక్కించి, పదుమూఁటిని పండ్రెండుపై నొకటిగాఁ జెప్పును. ఇరువదికి మాత్రము ‘బొకొడి’ యనును. అందలి ‘కొడి’ ఓఢ్రపు ‘కొడిఏ’తోఁ గలియుచున్నది. దీనిఁ బట్టి సవర ఓఢ్రమునకు బంధువనరాదు. సంతలో ఇచ్చిపుచ్చుకొనిన మాట వేఱు, పుట్టుకతో వచ్చిన మాట వేఱు. పోలికలు వెదకువారు ఈ భేదమును మఱవరాదు.

సవరపుస్తకములకై దొరతనమువా రీయఁబోయిన పారితోషికమును పంతులుగారు గ్రహింపక, ఆ ధనముతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పు బడి పెట్టుఁడని కోరిరని ప్రసిద్ధి. 1936 లో మంగయి గొమాంగొ సవరకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని కల్పించెను. పంతులుగారు 1940 లో దివంగతులైరి. పొరుగువాని భాష నేర్చుట వానిని మన భాషకుఁ ద్రిప్పుటకుఁ గాదు, వాని మాటకు మన్నన నిచ్చుటకే యని వారి జీవితము తెల్పుచున్నది. ఆ కొండల చేరువనున్న మన పాఠశాలలలో సవర మాటలు పది యైన నేర్పుట ఆ ఋణము దీర్చుటకుఁ దొలి యడుగగును.