సంగీతమున డాక్టరు పట్టము

పాడుటకు గొంతు చాలును, వాయించుటకు వ్రేళ్లు చాలును. ఇక మూడువందల పుటల గ్రంథమెందులకు? సంగీతమున ఎం.ఏ. ముగించిన కుమార్తె, పరిశోధన చేసి సిద్ధాంతవ్యాసము వ్రాసి డాక్టరు పట్టమును పొందెదనని చెప్పగనే మన యిండ్లలో పుట్టు ప్రశ్న యిది. అడుగువారు పలుమారు పరిహాసముగనే అడుగుదురు. కాని పరిహాసముతో పోవు ప్రశ్న కాదిది. విద్వత్తును దేనితో కొలువవలెను? కృతితోనా, గ్రంథముతోనా, కచేరీతోనా? కొలుచువారెవరు? కొలత సరిపోయిన పిమ్మటనైనను పట్టమును అందఱికి ఇచ్చిరా? పాశ్చాత్య విశ్వవిద్యాలయములు అయిదువందల యేండ్లుగా వీనికి కాలమునకొక తీరుగ బదులు చెప్పుచు వచ్చినవి. ఆ చరిత్ర కొంత తెలిసినగాని నేడు మన బాలికలు నెఱవేర్పవలసిన నిబంధనల మంచిచెడ్డలు మనకు బోధపడవు.

సంగీతమునకు పట్టమిచ్చు ఆచారము ఇంగ్లండులో మిక్కిలి ప్రాచీనము. 1460 ప్రాంతముననే కేంబ్రిడ్జిలో అట్టి పట్టములు పొందినవారి పేళ్లు కానవచ్చుచున్నవి. రాబర్టు ఫేర్‌ఫాక్సు అను రాజాస్థాన గాయకుడు 1504లో అచ్చట డాక్టరయ్యెను. అందులకాతడు సమర్పించినది వ్యాసము కాదు. చర్చిలో పాడదగిన 'మాస్' అను ఆరాధన సంగీతము. పాశ్చాత్యుల బృందగానమున ఒకే పాటను పలువురు వేర్వేరు వరుసలలో ఏకకాలమున పాడుదురు. వరుసలు హెచ్చినకొలది రచన కష్టతరమగును. 1636లో ఆక్స్‌ఫర్డువారు తమ శాసనములను క్రోడీకరించినపుడు ఈ కష్టమునే కొలబద్దగ గైకొనిరి. ఏడేండ్లు సంగీతమును చదివియో సాధనచేసియో అయిదు వరుసల పాటను రచించినవారు బాచిలరు పట్టమునకు అర్హులు. మఱి యైదేండ్లు గడచిన పిమ్మట ఆరో యెనిమిదో వరుసల పాటను రచించి దానిని బహిరంగముగ పాడించినవారు డాక్టరు పట్టమునకు అర్హులు. ఈ రచనకు వారు 'ఎక్సర్‌సైజు' అని పేరిడిరి.

ఈ పద్ధతిని మేము తేలికగ చూడజాలము. అభ్యర్థి విశ్వవిద్యాలయమున నివసింపవలెనను నిర్బంధము లేదు. ఏదో యొక యూరి చర్చిలో ఆర్గను వాయించుచు పొట్టపోసికొనువాడును తన రచనను తీసికొనిపోయి పరీక్షకుల ముందు నిలువవచ్చును. సంగీతము చెవితో పరీక్షింపబడినది. తప్పు పోయిన సభయంతయు వినును. ఇంతకంటె నిష్కపటమైన పరీక్ష యేమున్నది? అయినను ఇందొక మెలిక కలదు. పాడించు ఖర్చు అభ్యర్థిదే. గాయకులను, వాద్యగాండ్రను తానే కుదుర్చుకొని కూలి యియ్యవలెను. ద్వారము తెఱచియున్నను గడప మిక్కిలి యెత్తు.

గౌరవార్థమిచ్చు పట్టమునకును కొంత సొమ్ము కావలసియుండెను. 1791లో ఆస్ట్రియా దేశీయుడైన హైడన్ మహాశయునకు ఆక్స్‌ఫర్డువారు డాక్టరు పట్టమిచ్చి సత్కరించిరి. గంటలు మ్రోగించినందులకు ఒకటిన్నర గినీ, అంగీకి అర గినీ, రాకపోకలకు ఆరు గినీలు వ్యయమైనవని ఆయన తన చిట్టాపుస్తకమున వ్రాసికొనెను. లోకమంతయు కీర్తించు విద్వాంసుడు గనుక నవ్వుకొని చెల్లించెను. ఇతరుల మాట వేఱు.

ధనములేమిని మించిన అడ్డంకి మఱియొకటి కలదు. ఎలిజబెత్ స్టర్లింగు 1819లో పుట్టి లండను చర్చిలలో ఆర్గను విదుషిగ పేరు గాంచిన స్త్రీ. 1856లో ఆమె బైబిలులోని నూటముప్పదవ కీర్తనకు అయిదు వరుసల గానమును, వాద్యబృంద సహకారమును కూర్చి బాచిలరు పట్టమునకై ఆక్స్‌ఫర్డునకు సమర్పించెను. రచన అంగీకరింపబడినది. కొలత సరిపోయినది. కాని స్త్రీకి పట్టమిచ్చు అధికారము విశ్వవిద్యాలయమునకు లేదట! ఆ కృతిని పాడించుటయు జరుగలేదు, పట్టము నిచ్చుటయు జరుగలేదు. పాఠకులు గమనింతురు గాక: స్త్రీకి రచన చేతగాదని యిచ్చట నెవ్వరును అనలేదు. చేతనగునని ఒప్పుకొనియే ఇంటికి పంపిరి. తెలివిలేదని నిందించువారికి తెలివి చూపి బదులు చెప్పవచ్చును; శాసనమున చోటు లేదనువారికి ఏ రాగమున బదులు చెప్పవలెను?

స్టర్లింగు 1895లో చనిపోయెను. ఆమె జీవించియుండగనే, 1889లో, ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయము ఆనీ ప్యాటర్సన్ అను యువతికి సంగీతమున డాక్టరు పట్టమిచ్చినది. గౌరవార్థముగ గాక పరీక్షలో నెగ్గి ఆ పట్టమును పొందిన స్త్రీలలో ఆ ద్వీపములయందు ఆమెయే ప్రథమురాలు. ఆక్స్‌ఫర్డు మాత్రము కదలలేదు. ఎమిలీ డేమండ్ అను విదుషి 1901లో అచ్చటి డాక్టరు పరీక్షయందు ఉత్తీర్ణురాలై, స్త్రీలకు పట్టములిచ్చుటకు 1920లో శాసనము మారిన తరువాత, 1921లో తన పట్టమును అందుకొనెను. నడుమ ఇరువదియేండ్లు! కేంబ్రిడ్జి యింకను నిదానించి 1948 వఱకు స్త్రీలకు పూర్ణమైన పట్టములీయలేదు. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటి మాట యిది. సంస్కారము పడమటినుండియే దిగుమతి కావలెననువారు ఈ తేదీలను ఒకమాఱు చూచుకొనవలెను.

ఇంగ్లండులో కృతి కొలబద్దయై యుండగా జర్మను భాష మాటలాడు దేశములలో మఱియొక మార్గమేర్పడినది. సంగీతము కళయే కాదు, అది శాస్త్రవిచారణకు లోబడు విషయమును అగునని అచ్చటివారి వాదము. గూయిడో అడ్లర్ అను పండితుడు 1885లో సంగీతశాస్త్ర పరిధిని, పద్ధతులను, ప్రయోజనమును వివరించుచు నొక వ్యాసము ప్రకటించి, ఆ శాస్త్రమును చరిత్రభాగమనియు, లక్షణభాగమనియు రెండుగ విభజించెను. 1898 నుండి వియన్నాలో ఆచార్యుడై, తన శిష్యులచేత ప్రాచీన గ్రంథములను, వ్రాతప్రతులను వెదకించి పరిష్కరింపజేసెను. ఈ మార్గమున పట్టమునకు కావలసినది పాట కాదు; పాటను గూర్చి ఇంతకుముందు తెలియని సంగతిని ఆధారములతో స్థాపించు సిద్ధాంతవ్యాసము.

ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య సంగీతమును మార్చివేసిన స్వరకర్తలలో ఆంటన్ వేబెర్న్ ఒకడు. 1906లో వియన్నాలో ఆతనికి డాక్టరు పట్టము వచ్చినది తన కృతులకు కాదు. హైన్రిఖ్ ఈజాక్ అను ప్రాచీనుని ఆరాధన గీతములను పరిష్కరించినందులకు. స్వరకర్తకు పాతప్రతుల వెదకులాట యెందులకని కొందఱనవచ్చును. ఈజాక్ రచనలోని వరుసల అల్లిక వేబెర్న్ స్వీయరచనలలో లోతుగ పాదుకొన్నదని తెలిసినవారందఱు చెప్పుదురు. గ్రంథము వ్రాయుట గొంతునకును చేతికిని శత్రువు కాదనుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

అదే గురువునొద్ద ఎల్సా బీనెన్‌ఫెల్డ్ అను యువతి 1903లో, పదునాఱవ శతాబ్దపు పాటల సంకలనమును గూర్చి వ్యాసము వ్రాసి డాక్టరయ్యెను. వియన్నా విశ్వవిద్యాలయము తత్త్వశాఖలో స్త్రీలను చేర్చుకొనుట 1897లో ఆరంభమైనది. సంగీతశాస్త్రమున అచ్చట ఆ పట్టము పొందిన మొదటి స్త్రీ ఈమెయే. తరువాత పత్రికా విమర్శకురాలిగ ప్రఖ్యాతి చెందెను. యూదుజాతి స్త్రీయైనందున నాజీలు ఈమెను 1942లో మిన్‌స్కు సమీపమునకు తరలించి చంపిరి. పట్టము విద్వత్తునకు గుర్తు. అంతకుమించి అది యెవరికిని కవచము కాజాలదు.

అమెరికాలో ఈ జర్మను మార్గమే నాటుకొన్నది. 1932లో కార్నెల్ విశ్వవిద్యాలయమున మఱే బార్బర్ అను నాతడు, స్వరస్థానములను సమభాగములుగ విభజించు పద్ధతి యొక్క చరిత్రను వ్రాసి, సంగీతశాస్త్రమున ఆ దేశపు ప్రథమ డాక్టరయ్యెను. అచ్చటనే, ప్రిన్స్‌టన్‌లో, ఒక విచిత్రము జరిగినది. మిల్టన్ బాబిట్ అను స్వరకర్త 1946లో పన్నెండు స్వరముల పద్ధతిని గణితశాస్త్ర రీతిగ విమర్శించి వ్యాసము సమర్పించెను. దానిని తూచగలవారు సంగీతశాఖలో లేకపోయిరి. వ్యాసము త్రోసివేయబడినది. ఆయన ఆ విశ్వవిద్యాలయముననే దశాబ్దములు ఆచార్యుడై బోధించెను. ఆయన శిష్యులు డాక్టరులైరి. తుదకు 1992లో, ఆయనకు డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట, ఆ పాత వ్యాసమునకే పట్టమిచ్చిరి. స్టర్లింగు విషయమున రచన నెగ్గి మనిషి ఓడెను. ఇచ్చట మనిషి నెగ్గి రచన ఓడెను. రెండింట లోపము పరీక్షించినవారిదే. 1950 తరువాతి దశకమున అమెరికావారు మఱియొక పట్టమును కల్పించిరి. అందు అభ్యర్థి పలు కచేరీలు చేసి, దానితోపాటు ఒక చిన్న వ్యాసమును సమర్పింపవలెను. పాత ఆక్స్‌ఫర్డు ఎక్సర్‌సైజు వేషము మార్చుకొని సముద్రము దాటినదనవచ్చును.

ఇక మన సంగతి. డాక్టరు పట్టముల ఊసే లేని కాలమున, 1904లో, ఎట్టయాపురమునుండి తెలుగున వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని మనము స్మరింపవలెను. దీక్షితులు 1839లో జన్మించిరి. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబమువారు. గ్రంథము రెండు సంపుటములు. డెబ్బదిరెండు మేళములు, వాని జన్యరాగములు, వాగ్గేయకారుల చరిత్రములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండువందలకు పైగ స్వరసహితముగ అందున్నవి. గమకములను అచ్చున చూపుటకు ప్రత్యేక చిహ్నములను సహితము ఏర్పఱచిరి. చిన్నస్వామి మొదలియారు గారు ప్రోత్సహింపగా, ఎట్టయాపుర సంస్థానము పోషింపగా, గురుపరంపరగ వచ్చిన పాఠమంతయు కాగితము మీదికి వచ్చినది. నేటి యే పరీక్షకసంఘము ముందుంచినను నిలువగల గ్రంథమది. ఆయన చేయి వీణ మీద నిలిచిన చేయి గనుకనే కలము గమకమును పట్టగలిగినది. మొదట మేము చెప్పిన గృహస్థుల ప్రశ్నకు ఇంతకంటె మంచి బదులు మాకు తోచదు. పాడువారు గతించినపుడు పాట గతింపకుండుటకే గ్రంథము.

విజయనగరమున 1919లో సంగీత కళాశాల నెలకొన్నది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి ప్రథమాధ్యక్షులు. మద్రాసు విశ్వవిద్యాలయమున భారతీయ సంగీతశాఖ 1932లో వెలసినది. తిరుపతిలోని పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లో ఏర్పడినది. ఈ తీరుగ సంగీతము గురుగృహమునుండి విద్యాలయమునకు వచ్చి, విద్యాలయముల నియమములకు లోబడినది.

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2022 నవంబరులో ప్రకటించిన నియమముల సారాంశమిది. ఎం.ఏ. మార్గమున వచ్చు అభ్యర్థికి నూటికి 55 మార్కులు రావలెను. ప్రవేశమైన పిమ్మట పరిశోధన పద్ధతి, నీతి మొదలగువానిలో కనీసము పండ్రెండు క్రెడిట్ల పాఠములు చదువవలెను. ఆఱునెలలకొకమాఱు సలహాసంఘము ముందు పని చూపవలెను. మూడేండ్లకు తక్కువ గాక, ఆఱేండ్లకు మించక వ్యాసము ముగియవలెను. ఇతరుల వ్రాతను దొంగిలింపలేదని పరీక్షింపబడవలెను. బయటి పరీక్షకులు ఇరువురు చదివి మెచ్చిన పిమ్మట మౌఖిక పరీక్ష. ఒకరు మెచ్చకున్న మఱియొకరికి పంపుదురు. ఆ మూడవవారును కాదన్న వ్యాసము పోయినట్లే. బాబిట్‌నకు ఇట్టి మూడవ పరీక్షకుడు దొఱకియుండిన నలువదియాఱేండ్లు వేచియుండెడివాడు కాడేమో! స్త్రీలకు గడువు మీద మఱి రెండేండ్లు, ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల వఱకు సెలవును ఈ నియమములు చెప్పుచున్నవి. 2016 నియమములలోను ఈ వెసులుబాటు కలదు. స్టర్లింగు నింటికి పంపిన శాసనములనుండి ఇచ్చటికి వచ్చుటకు నూటయఱువది యేండ్లు పట్టినది.

అయినను మాకొక ఆక్షేపణ కలదు. జంతుశాస్త్రమునకును సంగీతమునకును ఈ నియమములు ఒక్కటే. సలహాసంఘము ముందు అభ్యర్థిని నోరు విప్పి పాడవలెనని యెచ్చటను లేదు. తోడిరాగమును గూర్చి నాలుగువందల పుటలు వ్రాసిన విద్యార్థిని మౌఖిక పరీక్షలో గాంధారము నెట్లు కదలింపవలెనో పాడి చూపిననే ఆ పుటలు ఆమె స్వానుభవమో, గ్రంథచౌర్యమునకు చిక్కని గ్రంథవాసనయో తేలును. దీనికి క్రొత్త శాసనము సహితము అక్కఱలేదు. ఏ విశ్వవిద్యాలయమైనను తన శాఖలో ఈ యాచారమును పెట్టుకొనవచ్చును. వ్రాత మాని కచేరీకే పట్టమీయవలెనని మేమనుట లేదు. కచేరీకి సభలున్నవి, బిరుదములున్నవి.

మంగళహారతులు, లాలిపాటలు, పెండ్లిపాటలు మొదలైన స్త్రీల పాటలను గూర్చి వ్యాసము వ్రాయువారికి పుస్తకశాలలో ఆధారములు స్వల్పము. అవి మన వంటయిండ్లలోను, పెరటి అరుగుల మీదను ఉన్నవి. పాట యెవరు పాడిరి, ఎవరివద్ద నేర్చిరి, ఏ యూర, ఏ తేదీన ధ్వనిముద్రణ జరిగినది, దానికి వారు సమ్మతించిరా అను వివరములు లేనిచో ఆ పాట సాక్ష్యముగ నిలువదు. చదువురాని ముదుసలి తాను పాడిన పాటకు బదులుగ పరిశోధకురాలిని ఏమియు నడుగదు. వ్యాసపు అనుబంధమున, పాడినవారి పట్టికలో, ఆమె యింటిపేరుతో సహా ఆమె పేరు, ఊరు, వయస్సు తప్పులు లేకుండ అచ్చుపడవలెను.