చద్దిమూటయు మైక్రోవేవు పేటికయు



గత సంవత్సరము మా రెండవ కుమారుని చూడబోయి హైదరాబాదున కొన్ని దినములుంటిని. ఒకనాడు అతడు నన్ను తన కార్యాలయమునకు తోడ్కొనిపోయెను. మధ్యాహ్నము ఒంటిగంట వేళ ఉద్యోగులు తమ తమ డబ్బాలు చేతబట్టుకొని ఒక చిన్న పేటిక యెదుట వరుసగా నిలిచియుండిరి. ఒకరిది పప్పన్నము, ఒకరిది చపాతీయు కూరయు. వేరొక పిల్లవాడు ముందునాటి రాత్రి మిగిలిన పాస్తాను, అనగా ఇటలీదేశపు గోధుమపిండి వంటకమును, తెచ్చుకొనియుండెను. ఒక్కొక్కరు డబ్బాను లోపలనుంచి, తలుపు మూసి, మీట నొక్కి, రెండు నిమిషములలో పొగలు గ్రక్కు భోజనముతో వెడలుచుండిరి. నిప్పు లేదు, కట్టె లేదు. "నాన్నగారూ, ఇదే మైక్రోవేవు" అని మావాడు చూపెను.

ఊరికి తిరిగివచ్చి ఈ సంగతి చెప్పగా, మా రచ్చబండకడ పెద్దలు కొందరు "నిన్నటి కూడు మరల కాచి తినవచ్చునా, పంతులుగారూ?" అని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటయే నేటి ప్రసంగము. ముందుగా ఆ పేటిక చరిత్రమును, పిదప దాని శక్తిని, తుదకు దాని అశక్తతను మనవి చేసెదను.

పనికి పోవువాడు అన్నము వెంట గొనిపోవుట క్రొత్త కాదు. పోతనామాత్యుని భాగవతమున శ్రీకృష్ణుడు గోపబాలురతో కూడి అడవిలో చల్దులారగించిన ఘట్టము మీరెల్లరు నెరిగినదే. మన రైతులు చద్దిమూటను చెట్టుకొమ్మకు వ్రేలాడగట్టి అరక దున్నిరి. అయితే ఆ చద్దిని ఎవరును మరల కాచలేదు. రాత్రి మిగిలిన అన్నములో నీరో మజ్జిగయో పోసి ఉంచి, ఉదయమున ఉల్లిపాయయో ఊరగాయయో నంచుకొని చల్లగానే భుజించిరి. ఈ విషయమును జ్ఞప్తియందుంచుకొనుడు. దీనికడకు మరల వత్తము.

మైక్రోవేవు పేటిక వంటయింట పుట్టినది కాదు, యుద్ధమున పుట్టినది. రెండవ ప్రపంచ సంగ్రామమున శత్రువిమానములను దూరమునుండియే కనిపెట్టుటకు ఇంగ్లండునకు రాడారు ప్రాణావసరమయ్యెను. రాడారు రేడియోతరంగములను పంపి, అవి వస్తువును తాకి మరలివచ్చుటచే దాని యునికిని గుర్తించును. తరంగము పొట్టిదైనకొలది చూపు సూక్ష్మమగును. అట్టి పొట్టి తరంగములను మిక్కిలి బలముతో పుట్టించు కుహర మాగ్నెట్రాను అను సాధనమును 1940 ఫిబ్రవరిలో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున జాన్ రాండల్, హ్యారీ బూట్ అను శాస్త్రజ్ఞులు పని చేయించి చూపిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సర్ హెన్రీ టిజార్డు దూతబృందము దానిని రహస్యముగా అమెరికాకు చేర్చెను. అచ్చట మాసచూసెట్సు రాష్ట్రమందలి రేథియన్ సంస్థ దానిని విరివిగా తయారుచేయ నారంభించెను.

ఆ సంస్థలో పెర్సీ స్పెన్సరు అను ఇంజనీరుండెను. అతడు 1894వ సంవత్సరమున మెయిన్ రాష్ట్రమందలి హౌలాండు అను పల్లెలో జన్మించెను. శైశవముననే తండ్రిని గోల్పోయి, బడిచదువు ముగియకయే పండ్రెండేండ్ల ప్రాయమున మిల్లు పనికి చేరెను. పిదప నౌకాదళమున చేరి, గ్రంథములు తనంతట చదువుకొని రేడియోవిద్య నేర్చెను. చిరకాలము పంతులుగా నుండినవాడనయ్యును ఈ మాట చెప్పుటకు సంకోచింపను: బడి చదివింపలేని వానిని జిజ్ఞాస చదివించినది. 1945 ప్రాంతమున అతడు మాగ్నెట్రాను చెంత నిలిచియుండగా జేబులోని మిఠాయి కరగిపోయెనని చెప్పుదురు. ఆ యంత్రముల చెంత వెచ్చదనము నితరులును ఎరిగియుండిరి. ఎందువలన అని వెదకినవాడు ఇతడు. మొక్కజొన్నగింజలుంచగా పేలాలైనవి, గ్రుడ్డునుంచగా ప్రేలిపోయినదట. 1945 అక్టోబరు 8న ఆ సంస్థ తరపున దరఖాస్తు చేయగా 1950 జనవరి 24న పేటెంటు లభించెను.

1947లో అమ్మకమునకు వచ్చిన మొదటి పేటిక మనిషి నిలువెత్తు. బరువు సుమారు 340 కిలోగ్రాములు. చల్లబరచుటకు నీటిగొట్టము కావలసియుండెను. అది భోజనశాలలకే గాని గృహస్థులకు తగినది కాదు. 1955లో ట్యాపన్ సంస్థ ఇండ్లకొరకు చేసినదాని వెల 1,295 డాలర్లు. 1967లో బల్లమీద నిలుచు చిన్న పేటికను అమానా సంస్థ 495 డాలర్లకు విక్రయించెను. అంతట అది ఇండ్లకును, క్రమముగా కచేరీల భోజనపు గదులకును వ్యాపించెను. నేడు మన నగరములలోను, విదేశములందున్న మన బిడ్డల కార్యాలయములలోను చద్దిమూటకు తోడు అదియే.

దాని పని యెట్టిదనగా: పేటికలోని తరంగము సెకనునకు 245 కోట్ల పర్యాయములు ఊగిసలాడును. ఆహారములోని నీటి అణువులు దానితోపాటు తిరుగయత్నించి ఒకదానినొకటి రాచుకొని వేడెక్కును. "ఇది విషకిరణమా?" యని కొందరు భయపడుదురు. ఇది రేడియోతరంగముల జాతిదే, మీట ఆర్పినతోడనే పోవును, అన్నమున నిలువదు. కాని రెండు లోపములు కలవు. తరంగము అంగుళము రెండంగుళముల లోతునకే చొచ్చును. అన్ని చోట్లను సమముగా సోకదు. అందుచే అంచున నోరు కాలును, నడుమ చల్లగానుండును. మా ఇల్లాలు ప్రేమతో ఇచ్చిన స్టీలు క్యారియరు మావానికి అక్కరకు రాకపోయెను. లోహము తరంగమును త్రిప్పికొట్టును, నిప్పురవ్వలు రాల్చును. గాజు, పింగాణి పాత్రలే తగినవి.

ఇంతకంటె ముఖ్యమైన అశక్తత వేరొకటి కలదు. బెల్జియము దేశమున బ్రస్సెల్సు నగరమందు 2008లో ఇరువదేండ్ల విద్యార్థి యొకడు ఐదుదినములు వంటయింట బయటనే యుండిన పాస్తాను మైక్రోవేవులో కాచి తిని, ఆ రాత్రియే మరణించెను. వైద్యులు ఆ సంగతిని 2011లో ప్రకటించిరి. అట్టి ఆపద అరుదే. కారణము బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి. దాని బీజములు ఉడికించినను చావవు. వండిన అన్నముగాని పాస్తాగాని గోరువెచ్చగా చాలసేపున్నచో మొలకెత్తి విషము నుత్పత్తి చేయును. ఆ విషము నీరు మరగు వేడికిని చెడదు. పేటిక కూడును వేడిచేయగలదు గాని గడచిన కాలమును మరలింపజాలదు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున నిలువకూడును తామసాహారమని చెప్పినపుడును దోషము కాలమునదే గాని నిప్పుది కాదు.

మరి మన చద్దియో? నీటనో మజ్జిగనో ఊరిన అన్నము పులియును. ఆ పులుపున అనేక దుష్టజీవులు సులభముగా వృద్ధిపొందవు. పైగా అది ఒక్క రాత్రిదే. పొడి అన్నమును గిన్నెలో మూతవేసి మరచుట వేరు.

కావున మా కోడలికిని కుమారునికిని నేను చెప్పినదే మీకును విన్నవించుచున్నాను. మిగిలిన అన్నమును వెడల్పు పళ్ళెమున పరచి చల్లార్చి గంటలోపల ఫ్రిజ్జున పెట్టవలెను, మరునాడే ముగింపవలెను. కూరలు, పాస్తా మూడు నాలుగు దినములకు మించరాదు. కచేరీకి చేరినతోడనే డబ్బాను అచ్చటి ఫ్రిజ్జున నుంచవలెను. కాచునపుడు కొంచెము నీరు చిలికి, మూత వదులుగా నుంచి, నడుమ నొకసారి కలిపి, అంతటను పొగలు వచ్చువరకు కాచవలెను. ఒక్కసారియే కాచవలెను, మిగిలినదానిని మరల దాచరాదు.

పెద్దలారా, పట్నమునుండి బిడ్డలు మాటాడినపుడు "కాచిన కూడు తినుచున్నావా?" యని కోపింపవలదు. "ఎప్పుడు వండితివి? ఎక్కడ నుంచితివి?" యని అడుగుడు. మీ ప్రశ్నకు నా ప్రత్యుత్తరమిదియే.