పద్నాలుగేళ్ళ సాయిబు పిల్లాడు ఏ కథలో ఉన్నాడు?

గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అక్కడినుంచి లెక్కేసినా తెలుగు కథకి నూరేళ్ళు దాటాయి. ఈ నూరేళ్ళలో తెలుగు కథలోకి సాయిబు రాలేదా? వచ్చాడు. జట్కా తోలుతూ వచ్చాడు. అత్తరు అమ్ముతూ, తాయెత్తు కడుతూ వచ్చాడు. నమ్మినవాడి కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబుగా వచ్చాడు, లేదంటే రజాకారుగా వచ్చాడు. ఎలా వచ్చినా పెద్దవాడిగానే వచ్చాడు. గడ్డంతోనే వచ్చాడు. గడ్డం ఇంకా మొలవని సాయిబు, నేనెవరిని అని తనని తాను అడుక్కునే సాయిబు ఎక్కడున్నాడు? బురఖా వేసుకోవాలా వద్దా అని అమ్మతో వాదించే పిల్ల ఏ పుస్తకంలో ఉంది?

ఇది చిన్న ప్రశ్న కాదు. మనిషికి తన ఉనికి గురించిన మొదటి దెబ్బ తగిలేది ఆ వయసులోనే. ఆరేళ్ళ పిల్లాడికి తన పేరు ఒక పిలుపు మాత్రమే. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అదే పేరు ఒక ప్రశ్న అవుతుంది. హాల్ టికెట్ మీద, అద్దె ఇంటి గడపలో, ఇండియా-పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ రోజున ఆ పేరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. "ముస్లింవై ఉండి తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నావే!" అని మెచ్చుకునేవాళ్ళు కూడా నిజానికి అడిగేది అదే. ఈ భాష నీది కాదు కదా అని.

సికిందరాబాదునే తీసుకుందాం. 1798 సంధి తర్వాత కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ ఊరికి సికిందరాబాదు అని పేరు పడింది. అంటే ఊరే బయటివాళ్ళ కోసం పుట్టింది. తెల్లసిపాయిల వెంట తమిళులొచ్చారు, పార్సీలొచ్చారు, ఆంగ్లో ఇండియన్లొచ్చారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నాలుగు దిక్కుల నుంచి పనివాళ్ళని పిలిచింది. సైన్యం విడిది కనక జనం దాన్ని లష్కర్ అన్నారు. ఇవాళ్టికీ ఉజ్జయిని మహంకాళి జాతరని లష్కర్ బోనాలు అనే అంటారు. అమ్మవారి పండుగ పేరులో ఫార్సీ మాట ఉంటే ఎవరికీ పరాయిగా తోచదు. అదే మాట మాట్లాడే ఇంటి పిల్లాడు మాత్రం పరాయివాడు! ఊరు భాషల్ని కలుపుకున్నంత తేలిగ్గా మన కథ మనుషుల్ని కలుపుకోలేదు.

ఆ లష్కర్‌లోనే, తిరుమలగిరిలో, 1934లో శ్యామ్ బెనెగల్ పుట్టాడు. ఆయన ముస్లిం కాదు. అయినా 1994లో 'మమ్మో' సినిమా తీశాడు. విభజనలో పాకిస్తాన్ వెళ్ళి, భర్త పోయాక బొంబాయిలోని తోబుట్టువు ఇంటికి వచ్చిన ముసలమ్మ కథ అది. రాసింది ఖాలిద్ మొహమ్మద్. ఆ ఇంట్లో రియాజ్ అనే కుర్రాడు ఉంటాడు. అమ్మమ్మ వరసయ్యే ఈ మనిషి ఎవరు, ఆమె దేశం ఏది, ఆమె కాగితాలు ఎందుకు చెల్లవు అన్నవి వాడికి ఎదురయ్యే ప్రశ్నలు. అవి అడుగుతూనే వాడు పెద్దవాడవుతాడు. సికిందరాబాదులో పెరిగిన మనిషి తీసిన కథలో ముస్లిం కుర్రాడు దొరికాడు. కానీ హిందీలో, బొంబాయిలో దొరికాడు. తెలుగులో ఎందుకు దొరకలేదు?

కారణాలు చరిత్రలో ఉన్నాయి. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలో సాగింది. అప్పుడు తెలుగు పిల్లాడు తన భాష వెలుపల నిలబడ్డాడు. అది అన్యాయమే, దాన్ని దాచక్కర్లేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత పీట తిరగబడింది. ఆ రోజుల్లో జరిగిన ఊచకోతలో చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కళ్ళబడలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఉర్దూ ఉద్యోగానికి పనికిరాని భాష అయింది. సాయిబుల పిల్లలు తెలుగు బడిలో కూర్చున్నారు. ఇంట్లో దక్కనీ, మసీదులో అరబ్బీ, బడిలో తెలుగు, ఇంగ్లీషు. కొన్ని లిపులు కుడి నుంచి ఎడమకి, కొన్ని ఎడమ నుంచి కుడికి. ఇన్ని లిపులు మోసే పిల్లాడికి ఒక్క దాంట్లోనూ తన కథ లేదు. అరబ్బీ చదవడం వచ్చింది కానీ అర్థం తెలియదు. ఉర్దూ అర్థమవుతుంది కానీ చాలామందికి చదవడం రాదు. తెలుగు చదవడమూ వచ్చు, అర్థమూ తెలుసు. కానీ అందులో తను లేడు.

ఇంకో ఇబ్బంది మొత్తం తెలుగు పిల్లలది. 1947లో మొదలైన 'చందమామ' చేతిలోంచి జారిపోయే వయసుకి అందుకోవడానికి తెలుగులో వేరే అర లేదు. అక్కడినుంచి సరాసరి పెద్దవాళ్ళ నవలల్లోకి దూకాల్సిందే. అమెరికాలో ఆ అరని కట్టినవాళ్ళలో ఒక అమ్మాయే ఉంది. ఎస్.ఇ. హింటన్ పదిహేనేళ్ళప్పుడు రాయడం మొదలుపెట్టిన 'ది అవుట్‌సైడర్స్' 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకి పద్దెనిమిది. పేద కుర్రాళ్ళ గుంపు, డబ్బున్న కుర్రాళ్ళ గుంపు, మధ్యలో తన చోటు వెతుక్కునే పద్నాలుగేళ్ళవాడు. తర్వాత నల్లజాతి పిల్లలు, వలసొచ్చిన పిల్లలు ఆ అరలోకి తోసుకుంటూ వచ్చారు. 2005లో ఆస్ట్రేలియాలో రాండా అబ్దెల్ ఫత్తా రాసిన నవలలో పదహారేళ్ళ అమల్ తనంతట తానే హిజాబ్ వేసుకోవాలని నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయంతో మనం ఏకీభవించక్కర్లేదు. నిర్ణయం ఆ పిల్లది కావడమే ముఖ్యం.

మన దగ్గర తలుపు కవిత్వం తెరిచింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. 1999లో ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' తెలుగువాళ్ళందరి ఇళ్ళలోకీ ఒక సాయిబు పిల్లాడిని తీసుకెళ్ళాయి. నెల్లూరు యాసలో, నవ్వుతూ, బీదరికాన్ని దాచకుండా. 2004లో 'వతన్' ముస్లిం కథల్ని ఒక్కచోట చేర్చింది. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ పిల్లల కోసం తెచ్చిన కథల్లో ఖదీర్ బాబు తలకాయ కూర కథా ఉంది, దొరని ఎదిరించే దళిత పిల్ల కథ గోగు శ్యామల రాసిందీ ఉంది. దళితుల పిల్లా సాయిబుల పిల్లాడూ ఒకే వరసలో కూర్చున్నారు. ఇది మామూలు సంగతి కాదు.

అయినా లోటు తీరలేదు. ఇవి చాలావరకు పెద్దవాళ్ళు తమ బాల్యాన్ని తలుచుకుని రాసినవి. బాల్యాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, ప్రేమొస్తుంది. మీసాలు మొలిచే వయసుని తలుచుకుంటే కోపమొస్తుంది, సిగ్గొస్తుంది, భయమొస్తుంది. ఆ భయాన్ని కథ రాయకపోతే పోలీసు రాస్తాడు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ఎంతోమంది ముస్లిం కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. తర్వాత వాళ్ళు కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. అప్పటిదాకా ఆ పిల్లల గురించి లోకం చదివింది కథ కాదు, ఎఫ్.ఐ.ఆర్.

మన ఇంటి లోపలి గోడల సంగతీ చెప్పుకోవాలి. ముస్లిం పిల్లాడు అనగానే ఒకే మూస గీస్తే మెజారిటీ చేసే పనే మనమూ చేసినట్టు. దూదేకుల పిల్లాడికి ఇంట్లోనూ తెలుగే. ఊళ్ళో వాణ్ణి సాయిబంటారు, సాయిబులేమో నువ్వు మావాడివి కాదంటారు. షాజహానా తన కథల పుస్తకానికి 'లద్దాఫ్ని' అని పేరు పెట్టుకోవడం ఊరికే కాదు. ఇక ఆడపిల్ల? బయట ఆమె మతాన్ని చూస్తారు, ఇంట్లో ఆమె పెళ్ళి వయసుని చూస్తారు. ఆమె చదువుని, ఇష్టాన్ని, కోపాన్ని చూసేవాళ్ళెవరు?

కాబట్టి రాయాల్సింది ఎవరు? సెక్యులర్ మిత్రులు మంచి సాయిబు బొమ్మని ఇంకోసారి గీయనక్కర్లేదు. ఆ పిల్లాడికి మంచివాడిగా ఉండాల్సిన బాధ్యత లేదు. పరీక్ష తప్పొచ్చు, నమాజు ఎగ్గొట్టొచ్చు, ఎగ్గొట్టకుండానూ ఉండొచ్చు, ప్రేమలో పడొచ్చు, అబ్బాతో పోట్లాడొచ్చు. మన పెద్దలు కూడా పరువు పేరు చెప్పి వాడి నోరు నొక్కకూడదు. మెట్టుగూడలోనో బోలారంలోనో ఇవాళ పద్నాలుగేళ్ళున్న పిల్లా పిల్లాడూ తమ తెలుగులో, తమ దక్కనీ కలిసిన తెలుగులో, రాయడం మొదలుపెట్టాలి. వాళ్ళు రాసింది అచ్చు వేయడం, బడి లైబ్రరీలో పెట్టడం మన పని. తప్పులు దిద్దే తొందరలో వాళ్ళ భాషని దిద్దకుండా ఉండటం అంతకంటే పెద్ద పని.