నీటి మహిమ: హిరోషిమా సాకే కథ

కందిపప్పు ఒక బావినీట మెత్తగా ఉడుకును. పొరుగుబావి నీట ఎన్ని కట్టెలు కాల్చినను ఉడకదు. ఈ సంగతి మన యిండ్లలో అందరును ఎరిగినదే. నీటిలో కరగియున్న లవణములే ఇందులకు కారణము. జపాను దేశపు బియ్యపు మద్యమైన సాకే చరిత్రయు ఇట్టి బావులతోనే పెనవేసికొని యున్నది. అందొక ఘట్టమును నేడు ముచ్చటించుకొందము.

సాకేకు కావలసినవి నాలుగు: బాగుగా పైపొర తీసిన బియ్యము, నీరు, కోజి అను బూజు, ఈస్టు. ఆవిరిపై ఉడికించిన బియ్యముమీద కోజిని పెంచుదురు. అది పిండిని చక్కెరగా మార్చును. ఈస్టు ఆ చక్కెరను మద్యసారముగా మార్చును. ఈ రెండు పనులును ఒకే తొట్టిలో, ఒకే కాలమున జరుగుట సాకే విశేషము. తయారైన సాకేలో నూటికి ఎనుబది పాళ్లు నీరే.

కోబె నగర ప్రాంతమందలి నాడా సీమ సాకేకు ప్రసిద్ధి. అచ్చట యమమురా తజాయెమోన్ అను ఆతనికి నిషినోమియాలో ఒకటి, ఉవొజాకిలో ఒకటి సాకే కార్ఖానాలుండెను. నిషినోమియా సరుకే ఎల్లప్పుడును మేలుగా నుండెడిది. ఆతడు పనివారిని మార్చి చూచెను, ఒకే బియ్యము వాడించెను, ఫలము లేకపోయెను. తుదకు 1840లో నిషినోమియా బావినీటిని ఉవొజాకికి తెప్పించి చేయింపగా రెండును సమానమయ్యెను. ఆ నీటికే మియామిజు అని పేరు. ఈస్టునకు బలమిచ్చు లవణములు అందు మెండు. సాకే రంగును, రుచిని చెరచు ఇనుము అత్యల్పము.

అట్టి నీరు లేని సీమల గతి యేమి? హిరోషిమా మండలమున మిత్సు అను రేవూరిలో మియురా సెంజబురో 1876లో సాకే చేయ నారంభించెను. తొట్లలోని సరుకు మాటిమాటికి చెడిపోయెను. నాడా పద్ధతిని నేర్చి, అదే తీరున చేసినను నష్టమే మిగిలెను. లోపము తన చేతిలో లేదు, నీటిలో నున్నదని ఆతడు తుదకు గ్రహించెను. ఆ ఊరి నీట లవణములు తక్కువ. అందు ఈస్టు మందముగా పెరుగును. ఈ లోపల చెరుపు చేయు సూక్ష్మజీవులు తొట్టి నాక్రమించును.

ఊరి నీటిని మార్చలేడు గనుక ఆతడు పద్ధతినే మార్చెను. కోజిని గింజ లోపలి వరకు చక్కగా పెరుగనిచ్చి, తొట్టిని చల్లగా నుంచి, నెమ్మదిగా పులియజేసెను. 'నూరు పరీక్షలు, వేయి సవరణలు' అనునది ఆతని నియమమని చెప్పుదురు. 1898లో ఈ పద్ధతిని పుస్తకముగా ప్రకటించి, తోడి వ్యాపారులకును అందించెను. 1907లో జరిగిన మొదటి జాతీయ సాకే పోటీలో హిరోషిమా సీమవారు నాడావారిని మించిరి. తకెహారా పట్టణపు 'ర్యూసెయి' ప్రథమస్థానము నందెను. మరుసటి యేడు, 1908లో, మియురా కన్నుమూసెను.

సాకే పరీక్షకులు అడుగున రెండు నీలివలయములున్న తెల్లని పింగాణి గిన్నెలో దానిని పోసి, ఆ వలయముల మీద తేటను చూతురు. పిదప వాసన చూచి, ఒక్క గుక్క నాలుకపై త్రిప్పుదురు. నాడా సాకే చురుకైనది, బిగువైనది. హిరోషిమా సాకే మృదువైనది, కొంచెము తీపి తోచునది. ఒకదానికంటె ఒకటి గొప్పదనుట కాదు. ఏ ఊరి నీరు ఆ ఊరి రుచి నిచ్చును.

కోజితో సాకే చేయు సంప్రదాయ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఆ గౌరవములో, చెడిన తొట్ల యెదుట నిలిచి తన బావిని నిందింపక, దాని గుణము నెరిగి పనిచేసిన మియురాకును భాగము కలదని మేము తలంతుము.