ఇంజిన్‌కు డబ్బుంది, బ్రేకుకు లేదు

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి. ఎప్పటిలాగే ఈసారి కూడా కాస్త పొడుగే.

పోయిన నెల కూటంలో అమెరికాలో వున్న మా అక్క మనవడి మాట వచ్చింది. వాడు జీతం డబ్బుతో రేసు కారు తయారు చేసుకోబోతున్నాడని విని కొందరు నవ్వారు. "ఇల్లు కట్టుకునే వయసులో కారు కడతాడంట" అన్నారొక పెద్దాయన. ఆ రాత్రే వాడు మాకు ఒక లెక్క పంపాడు. "తాతా, రైల్వేలో అన్నేళ్ళు బిల్లులు చూసినారు గదా, ఇది కూడా చూడండి" అని. రెండు వరసలు వేశాడు. ఒకటి పాత అమెరికా మజిల్ కారు, రెండోది చిన్న జపాన్ కారు. ఏది చవక అని వాడి ప్రశ్న. జవాబు చెప్పేముందు ఆ చరిత్ర కొంత చదివాము.

డ్రాగ్ రేస్‌లో మలుపులుండవు. నిలబడిన చోటి నుంచి రెండు కార్లు పావు మైలు, అంటే 1,320 అడుగులు, నేరుగా పరిగెత్తాలి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో విమానాల రన్‌వే మీద టిక్కెట్టు పెట్టి ఈ పందేలు నడిపారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. వీధుల్లో పందేలాడి ప్రాణాలు పోగొట్టుకునే కుర్రాళ్ళను నియమాలున్న చోటికి తేవాలన్నది ఆయన తాపత్రయం.

ఆ కుర్రాళ్ళు డబ్బున్నవాళ్ళు కారు. 1932లో ఫోర్డ్ మామూలు జనం కొనగల కారులో వీ8 ఇంజిన్ పెట్టింది. 1955లో షెవర్లే చిన్న వీ8 వచ్చింది. పాత కార్ల గోదాముల్లో ఆ ఇంజిన్లు కుప్పలుగా దొరికేవి, విడిభాగాలు వూరూరా అమ్మేవారు. 2011 నాటికి ఆ వరస ఇంజిన్లు 10 కోట్లు తయారయ్యాయంటే, అవి ఎందుకు చవకో వేరే చెప్పాలా?

1964లో పాంటియాక్ వారు ఒక ఉపాయం చేశారు. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టరాదని పైకంపెనీ జనరల్ మోటార్స్ నియమం. వీరు 389 అంగుళాల ఇంజిన్‌ను టెంపెస్ట్ కారుకు 'అదనపు సామాను' అని చూపి, సుమారు 295 డాలర్లకు జీటీవో పేరుతో అమ్మారు. ఆఫీసు ఫైళ్ళతో బతికిన మాకు ఆ తెలివి చూసి నవ్వొచ్చింది. మొదటి ఏడే 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ వచ్చింది. సొగసులన్నీ తీసేసి, పెద్ద ఇంజిన్ మాత్రం వుంచి, 3 వేల డాలర్ల లోపు ధర పెట్టారు.

ఆ వైభవం పదేళ్ళు కూడా నిలవలేదు. కుర్రాళ్ళకు ఇన్సూరెన్సు భారమైంది, 1970లో గాలి కాలుష్య చట్టం వచ్చింది, 1973లో చమురు ఆగింది. అదే 1973లో హోండా సివిక్ అమెరికాలో దిగింది. 1990 నాటికి దక్షిణ కాలిఫోర్నియాలో, ఎక్కువగా ఆసియా కుటుంబాల పిల్లలు, అమ్మానాన్నల పాత సివిక్‌లను పందేలకు తెచ్చారు. పామ్‌డేల్‌లో దిగుమతి కార్లకు వేరే పందెమే మొదలైంది. హోండా 1989లో తెచ్చిన వీటెక్ ఇంజిన్ 1.6 లీటర్లకే సుమారు 160 గుర్రాల బలం ఇచ్చింది. బండి బరువేమో సుమారు టన్ను. 100 పౌండ్లు తగ్గితే సెకనులో పదోవంతు కలిసివస్తుందని పందెగాళ్ళ లెక్క.

అయితే చిన్న కారే చవకా? ఇక్కడే మనవడి లెక్కలో చిక్కు వుంది. కారు ఒక్కసారిగా ఎగిరి బయలుదేరితే బరువు వెనక్కి జరుగుతుంది. మజిల్ కారుకు తోసేవి వెనక చక్రాలే గనుక అది మేలు. సివిక్‌కు లాగేవి ముందు చక్రాలు. అవి తేలికై గిర్రున తిరుగుతాయి. టర్బో పెట్టి బలం పెంచితే గేర్‌బాక్సు, యాక్సిళ్ళు, పిస్టన్లు వరసగా మార్చాలి. వీ8లో బలం చవక. కానీ పాత మజిల్ కారు ఇవాళ సేకరించేవాళ్ళ వస్తువైపోయి, బండి ధరే కొండెక్కింది.

ఇంకొకటి కూడా వుంది. పందెం నియమాలు సెకన్లను బట్టి మారతాయి. 13.99 సెకన్లకు వస్తే హెల్మెట్, 11.49కి వస్తే లోపల ఇనుప రోల్ బార్, 10 లోపలికి వస్తే మొత్తం పంజరం, ఇలా చాలాకాలంగా నడిచింది. ఒక్కో సెకను తగ్గేకొద్దీ బిల్లులో కొత్త పద్దు చేరుతుంది. వాడి రెండు వరసల్లోనూ ఆ పద్దులు లేవు.

మాకు అది వెంటనే కనబడడానికి కారణం వుంది. 1980లలో మా తమ్ముడు లేత్ పట్టడ పెట్టుకుని, ఒక పాత ఫియట్‌ను షోలవరం పందేనికి సిద్ధం చేశాడు. అదీ యుద్ధకాలపు విమానాల దారే. అంచనా రాసింది మేమే. ఇంజిన్ పని, కార్బురేటర్, టైర్లు రాశాము. బ్రేకులు, క్లచ్, బండి మోసుకుపోయే లారీ బాడుగ రాయలేదు. అమ్మ గాజులు కుదువకు పోయాయి. ఇంజిన్ గర్జించింది, కానీ బ్రేకుకు డబ్బు లేదు. బండి పందేనికి పోనేలేదు, చింతచెట్టు కింద తుప్పు పట్టింది. గాజులు విడిపించడానికి నాలుగేళ్ళు పట్టింది. అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తక్కువలో చేసి చూపిన మనవారూ వున్నారు. కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్ గారు 1988 ప్రాంతంలో మారుతి 800 ఇంజిన్‌తో, అంటే 796 సీసీతో, ఒంటి సీటు రేసు కారు తయారు చేయించారు. అందరిదీ ఒకే చిన్న ఇంజిన్ కావడంతో పందెం డబ్బు నుంచి చేతివాటం మీదికి వచ్చింది. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే వుంది.

మనవడికి ఇలా రాశాము. ముందు ఎన్ని సెకన్లు కావాలో ఖాయం చేసుకో, కారు తర్వాత. బ్రేకులు, టైర్లు, హెల్మెట్ పైన రాసి, ఇంజిన్ అడుగున రాయి. 13 సెకన్లు చాలనుకుంటే చిన్న కారు తీసుకో. 11 కావాలంటే వీ8 మేలు, బండి మాత్రం పాత పేరున్నది వద్దు. ఇంటి కంతు డబ్బు ముట్టవద్దు.

వాడు లెక్క తిరగరాసి పంపాడు. ఈసారి మొదటి పద్దు బ్రేకులు.

బంధువులకు ఒక మనవి. వచ్చే కూటంలో వాడి మాటొస్తే నవ్వకండి, లెక్క అడగండి. మీ ఇళ్ళలో షోలవరం పందేల పాత ఫోటోలుంటే తీసుకురండి. మా దగ్గర తమ్ముడి ఫియట్‌ది ఒకటుంది.